తోరం కట్టిన చెయ్యి

తోరం కట్టిన చేతి నుంచి నెత్తురు తియ్యకూడదని ఏ వ్రతకథలోనూ లేదు. ఆ నియమం నేను పెట్టిందే. పంతొమ్మిది వందల తొంభై ఏడు శ్రావణంలో, జగ్గయ్యపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో, నా కోడలి మంచం పక్కన కూర్చుని పెట్టాను.

కోడలి పేరు నాగశ్రీ. అప్పటికి నాలుగో నెల. ముందు రోజు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేసుకుంది. భర్త పోయినదాన్ని, పీటల దగ్గరికి వెళ్ళను కనుక వంటింట్లోనే ఉండి బూరెలు వండాను. తోరాలు మాత్రం నేనే తయారు చేశాను. తొమ్మిది పోగులు పేని, పసుపు రాసి, తొమ్మిది ముళ్ళు వేసి పళ్ళెంలో పెట్టి పంపాను. నా కొడుకు భవానీప్రసాద్ దాన్ని నాగశ్రీ కుడి మణికట్టుకి కట్టాడు. గుమ్మం ఇవతల నుంచి చూశాను. మధ్యాహ్నం మూడింటికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఐదింటికి పిల్ల నిలబడలేకపోయింది. రిక్షాలో ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకొచ్చాను.

డాక్టర్ దత్తాత్రేయగారు చూసి, "ఒంట్లో నీరంతా పోయింది, ఎక్కిద్దాం. భయం లేదు" అన్నారు. నర్సు ఆరోగ్యమ్మ కుడి మోచేతి దగ్గర రెండుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. అక్కడ కమిలి నల్లబడింది. తోరం కట్టిన చేతికి ఆ మచ్చలు చూశాకే నాకు భయం పట్టుకుంది. చివరికి ఎడమ ముంజేతికి దొరికింది. ముందు పరీక్షకి నెత్తురు తీసుకుని, ఆ తర్వాతే సీసా తగిలించింది. చెయ్యి కదలకుండా అట్టముక్క పెట్టి మోచేతి దాకా కట్టు కట్టింది. కాసేపటికి కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ పదకొండున్నర.

"కడుపుతో ఉన్న పిల్లకి ఇది బానే ఉన్నట్టండీ" అంది ఆరోగ్యమ్మ. యాభై ఏళ్ళ మనిషి. ముందు రిపోర్టు చదివి, తర్వాత మనిషిని చూసి, మళ్ళీ రిపోర్టు చదివేది. అలా ఎందుకు చూస్తుందో నాకు అప్పుడు తెలియదు.

మర్నాడు శనివారం. శనివారాలు డాక్టరుగారు నందిగామలో కూర్చుంటారు. బయల్దేరుతూ, ఇంకోసారి హిమోగ్లోబిన్, దానితోపాటు షుగరు చూపించమని చీటీ రాసిపెట్టి వెళ్ళారు. ఏడున్నరకి ఎదురు ల్యాబ్ నుంచి సొలొమోను వచ్చాడు. రాత్రి డ్యూటీ నర్సు అప్పుడే వెళ్ళిపోయింది. ఆరోగ్యమ్మ ఇంకా రాలేదు. నాగశ్రీ మగతగా నిద్రపోతోంది.

"కుడి చెయ్యి ఇటు పెట్టండమ్మగారూ" అన్నాడు సొలొమోను, సిరంజీ తీస్తూ.

"ఆ చెయ్యి వద్దు."

"ఎందుకండీ?"

"కనపట్టంలా? తోరం ఉంది. నిన్ననే కట్టింది. ఆ చేతికి సూది గుచ్చి నెత్తురు తియ్యకూడదు."

అతను తోరం వంక చూశాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎడం చేతికి సెలైన్ ఎక్కుతోందండి. ఎక్కే చేతికి తియ్యొద్దని మా సిస్టరుగారు నెత్తీ నోరూ మొత్తుకుంటారు."

"కాసేపు ఆపి తియ్యి. ఏ చేతిదైనా ఒక ఒంట్లో నెత్తురేగా?"

"అది కాదండీ..."

"చూడు నాయనా, నువ్వు చర్చికి వెళ్ళేవాడివి, నీకు చెప్పినా తెలీదు. ఆ పిల్ల కడుపుతో ఉంది. వ్రతం చేసిన పూటే మంచాన పడింది. ఇప్పుడా చేతి నుంచి నెత్తురు తీస్తే నేను చూడలేను. నీకు మాట రానివ్వను. నే చూసుకుంటాగా."

నేను అలా అనకుండా ఉండాల్సింది. నీకు తెలీదు అనగానే అతని మొహం చిన్నబోయింది. ఇంకెవరి దేవుడి విషయమో తను తాకి పాడు చేస్తానని నేను భయపడుతున్నట్టు తోచి ఉంటుంది. "మీ మనసు కష్టపెట్టటం నాకెందుకు లెండి" అని, సెలైన్ గొట్టానికున్న చక్రం తిప్పి ఆపి, ఎడమ మోచేతి దగ్గర కట్టు కొంచెం సడలించి, సూది గుచ్చి నెత్తురు తీసుకున్నాడు. దూది పెట్టి కట్టు మళ్ళీ సర్దాడు. మగతలో ఉన్న నాగశ్రీ కళ్ళు తెరవలేదు. చక్రం తిప్పాడు. సీసాలో చుక్కలు మళ్ళీ పడటం మొదలైంది. ఇదంతా రెండు నిమిషాల పని. నేను మాత్రం తోరం ఉన్న చేతిని నా రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిదింటికి కాగితం తెచ్చాడు. ఆరోగ్యమ్మ పక్క గదిలో ఎవరికో కట్టు మారుస్తోంది. "సిస్టరుగారికి ఇచ్చెయ్యండమ్మగారూ, నేను అవతల ఇంకో ఆస్పత్రికి పోవాలి" అని నా చేతిలో పెట్టి సైకిలెక్కాడు.

నాకు ఇంగ్లీషు రాదు. ఇలాంటి కాగితాల మీద ఉండే పది పన్నెండు మాటలు వచ్చు, అంకెలు వచ్చు. ఎడమ పక్క పరీక్ష పేరు, మధ్యలో మనిషికి వచ్చిన అంకె, కుడి పక్క మామూలుగా ఉండాల్సిన అంకె. హిమోగ్లోబిన్ పది పాయింట్ నాలుగు. దాని కింద షుగరు. మధ్యలో ఐదు వందల పన్నెండు. కుడి పక్క డెబ్భై నుంచి నూట నలభై.

కాగితం మడిచాను. మళ్ళీ విప్పాను. అంకె అదే.

ఆ పది పన్నెండు మాటలు నేను నేర్చుకున్నది ఒకే ఒక్క కాగితం కోసం. ఎనభై మూడులో మావారికి కాళ్ళూ మొహం వాచి, ఆయాసం వస్తే, ఈ ఊళ్ళోనే రక్తపరీక్ష చేయించి, బెజవాడ తీసుకుపొమ్మన్నారు. కాగితం ఆయన చొక్కా జేబులో పెట్టి కారెక్కించారు. నందిగామ దాటాం. కీసర దగ్గర మున్నేటి వంతెన ఎక్కుతుండగా నా ఒళ్ళో ఉన్న ఆయన చెయ్యి బరువెక్కింది. వంతెన దాటాక డ్రైవరు కారు వెనక్కి తిప్పాడు. నాలుగేళ్ళ తర్వాత నా చెల్లెల్ని కాన్పు కష్టమైతే నందిగామ నుంచి అలాగే కారులో తీసుకెళ్ళారు. కబురందుకుని నేను వెళ్ళేసరికి ఆ ఊరి బస్టాండు దగ్గర కారు ఆపి నాకు కనిపించింది. చెయ్యి ఊపింది. మళ్ళీ చూడలేదు. ఆయన కాగితంలో ఏముందో తెలుసుకోవాలని భవానీప్రసాద్ చదువుకుని పారేసిన పుస్తకాలు పెట్టుకుని కూడబలుక్కున్నాను. ఏళ్ళు పట్టింది. యూరియా 212. పక్కన 20 నుంచి 40. అప్పటి నుంచి కాగితం మీద మధ్య అంకెకీ పక్క అంకెకీ దూరం ఎక్కువుంటే నాకు మున్నేటి వంతెన కనపడుతుంది.

కాగితం ఆరోగ్యమ్మకి ఇచ్చాను. చదివింది. లోపలికొచ్చి నాగశ్రీని చూసింది. మళ్ళీ చదివింది. ముందు చేసిన పని, ఎక్కుతున్న గ్లూకోజు సీసా తీసేసి వట్టి ఉప్పునీటి సీసా పెట్టింది. తర్వాత ముందు గదిలోకి వెళ్ళి నందిగామకి ఫోన్ చేసింది. ఆవిడ మాటలు ఇక్కడికి వినపడుతున్నాయి.

"ఐదొందల పన్నెండు సార్... లేదు సార్, ఇంతకుముందు లేదంట... మనిషి బానే ఉంది సార్, అదే నాకు... అలాగే సార్. ఇన్సులిన్ పన్నెండు యూనిట్లు. అలాగే. బెజవాడకి."

ఆ చివరి మాట విని, వెళ్ళి నాగశ్రీ చెయ్యి మళ్ళీ పట్టుకున్నాను.

అప్పుడే నాగశ్రీ తల్లి సౌభాగ్యమ్మ నందిగామ బస్సు దిగి వచ్చింది. చేతిలో ఫ్లాస్కు, చంకలో దుప్పటి. గొంతు గదికంటే పెద్దది. సంగతి విని దుప్పటి అక్కడే పడేసింది.

"ఐదొందలా! వదినగారూ, నిన్న మా పిల్లకి ఎన్ని బూరెలు పెట్టారేంటి?"

"రెండే తిందండి."

"రెండు తింటే ఐదొందలొస్తదా? అయితే మీ బూరెలు ఊళ్ళోవాళ్ళకి పంచకండి. మా వైపు ఏడు తరాల్లో షుగరు లేదు."

"మా వైపూ లేదండి."

"మరి నా కూతురికి పైనుంచి ఊడిపడిందా?" అని, కూతురి మొహం చూసి ఆగిపోయింది. నాగశ్రీ కళ్ళు తెరిచి చూస్తోంది. సౌభాగ్యమ్మ గొంతు తగ్గించి, "ఏం లేదులే నాగా. బెజవాడలో పెద్ద డాక్టరుకి చూపిద్దాం. అల్లుడుగారు కారు తెస్తారు" అంది.

భవానీప్రసాద్ అప్పటికే కారు స్టాండుకి పరిగెత్తాడు.

ఆరోగ్యమ్మ ఫ్రిజ్ తెరిచి చిన్న ఇన్సులిన్ సీసా తీసింది. బల్లమీద పెట్టింది. కానీ సిరంజీ తియ్యలేదు. మంచం దగ్గరికి వచ్చి నాగశ్రీ కింది రెప్ప లాగి చూసింది. నాలుక చాపమంది. ఒంగి ఊపిరి వాసన చూసింది.

"దాహం వేస్తోందా అమ్మా?"

"లేదు సిస్టర్. ఆకలేస్తోంది. ఇడ్లీ తినబుద్ధవుతోంది."

"ఇడ్లీనా?"

"కారప్పొడి వేసుకుని" అంది నాగశ్రీ నీరసంగా.

ఆరోగ్యమ్మ నవ్వలేదు. "ఐదొందలున్న మనిషి ఇడ్లీ అడగదు. చెంబులకి చెంబులు నీళ్ళడుగుద్ది. నాలుక అట్టలాగా ఎండిపోద్ది. ఈ పిల్లకి నిన్నటికంటే నాలుక తడిగా ఉంది, నాడి నిదానంగా ఉంది." నిన్నటి కాగితం, ఇవాళ్టి కాగితం పక్కపక్కన పెట్టింది. "నిన్న పదకొండున్నర ఉన్న హిమోగ్లోబిన్ ఇవాళ పది పాయింట్ నాలుగు. నీళ్ళెక్కినాక కాస్త తగ్గటం మామూలే. కానీ ఒక్కసారిగా ఇంతా? నెత్తురు ఎక్కడా పోలేదు కదా?" అని, నా వైపు తిరిగింది. "అమ్మగారూ, పొద్దున సొలొమోను ఏ చేతికి తీశాడు?"

సౌభాగ్యమ్మ నా మొహం వంక చూస్తోంది. నాగశ్రీ చూస్తోంది. నీకు మాట రానివ్వను అని సొలొమోనుకి చెప్పిన మాట గుర్తొచ్చింది. అంతకంటే ముందు, నిజం చెప్పాలంటే, వియ్యపురాలు గుర్తొచ్చింది. దారప్పోగు చూసి భయపడిందని నందిగామ అంతా చెప్పుకుంటుందనిపించింది.

"కుడి చేతికే" అన్నాను.

ఆరోగ్యమ్మ కుడి మోచేతిని తిప్పి చూసింది. అక్కడ నిన్నటి పోట్లతో కమిలే ఉంది. పాత పోటేదో కొత్త పోటేదో తెలిసే వీలు లేదు. ఎడమ మోచేతి మీది దూది కట్టు కింద ఉంది.

"అయితే సరే" అంది. మొహంలో మాత్రం సరే అన్నట్టు లేదు. "ఒక్క పని చేస్తా. అమ్మా నాగశ్రీ, ఒంటేలుకి వెళ్ళాలని ఉందా?"

"ఇందాకటి నుంచీ ఆపుకుంటున్నా సిస్టర్."

ఆయా వచ్చి మంచం దగ్గరే పట్టింది. ఆరోగ్యమ్మ దాన్ని సీసాలో పోసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. సౌభాగ్యమ్మ గుమ్మంలో నిలబడింది. స్పిరిట్ దీపం వెలిగించి, గాజుగొట్టంలో నీలం మందు పోసి, దాంట్లో ఎనిమిది చుక్కలు లెక్కపెట్టి వేసి, చెక్క పట్టకారుతో పట్టుకుని మంట మీద పెట్టింది.

"ఇదేంటి, ఇప్పుడు వంట మొదలెట్టావు?" అంది సౌభాగ్యమ్మ. "డాక్టరుగారు ఇంజక్షన్ చెయ్యమన్నారా, చారు కాయమన్నారా?"

"చారేనండి. రెండు నిమిషాలు ఉడకాలి" అంది ఆరోగ్యమ్మ గొట్టం మీద నుంచి కళ్ళు తియ్యకుండా. "ఒంటేల్లో షుగరు లేకపోతే ఇలా నీలంగానే ఉంటది. కొంచెముంటే ఆకుపచ్చ. ఇంకా ఉంటే పసుపు, కాషాయం. ఒంట్లో ఐదొందలుంటే మాత్రం ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగా దిగాలి. ఎర్రబడిందనుకోండి, నేనే సూది చేసి కారెక్కిస్తా."

గొట్టంలో మందు బుడబుడలాడింది. నేను వరలక్ష్మిని కూడా తలుచుకోలేదు. ఎర్రబడకు, ఎర్రబడకు అని ఆ గొట్టానికే మొక్కుకున్నాను. బయట కారు హారన్ మోగింది. నల్ల అంబాసిడర్. గేటు దాకా వచ్చేసింది.

ఆరోగ్యమ్మ గొట్టాన్ని దీపం మీద నుంచి తీసి కిటికీ వెలుగుకి ఎత్తింది. నీలం. అడుగున ఎక్కడో కాస్త ఆకుపచ్చ ఛాయ.

"ఈమాత్రం కడుపుతో ఉన్నవాళ్ళకి ఒక్కోసారి వస్తానే ఉంటది" అంది. గొట్టం కింద పెట్టి, కాగితం చేతిలోకి తీసుకుంది. "నెత్తుట్లో ఐదొందల పన్నెండంట. ఒంటేల్లో ఉండీ లేనట్టుంది. ఈ రెండిట్లో ఒకటి అబద్ధం చెప్తోందండీ."

దాహం వెయ్యాల్సింది నాగశ్రీకి. నాకు మాత్రం చెంబుడు నీళ్ళు తాగాలనిపించింది.

ఆరోగ్యమ్మ ముందు గదిలోకి వెళ్ళి మళ్ళీ ఫోన్ చేసింది. నందిగామ లైను కలవలేదు. మళ్ళీ తిప్పింది. కలవలేదు. ఈలోగా భవానీప్రసాద్ లోపలికి వచ్చాడు. చొక్కా చెమటతో తడిసిపోయింది. "ఇంకా సూది చెయ్యలేదా సిస్టర్? డ్రైవరు తొందర పడుతున్నాడు. చిల్లకల్లు దగ్గర లారీలు ఆగిపోయినై, ఆలస్యమైతే ఇరుక్కుంటాం అంటున్నాడు."

"అమ్మా, నీ అనుమానాలు నీకుండొచ్చు" అంది సౌభాగ్యమ్మ ఆరోగ్యమ్మతో. "దారిలో నా పిల్లకి ఏమన్నా అయితే ఆ నీలం నీళ్ళు తాగిస్తావా? డాక్టరు చెప్పింది చెయ్యి తల్లీ."

ఆవిడ గొంతులో తిట్టు లేదు. వణుకుంది. అది నాకు తెలిసిన వణుకే.

"చేస్తానండీ" అంది ఆరోగ్యమ్మ. "డాక్టరుగారి మాట నేను కాదనలేను కదా. రక్తం తీసింది సరైన చేతికే అయినప్పుడు కాగితం తప్పనటానికి నా దగ్గర ఏమీ లేదు." సిరంజీ విప్పింది. ఇన్సులిన్ సీసాని రెండు అరచేతుల మధ్య మెల్లగా దొర్లించింది. మూత మీద దూదితో తుడిచి సూది గుచ్చింది. సిరంజీలోకి మందు ఎక్కుతోంది. నాగశ్రీ జాకెట్టు చెయ్యి పైకి మడుచుకుంటోంది.

నేను ఆ సిరంజీ వంకా, తోరం వంకా చూశాను. మావాళ్ళ కోసం కారు వచ్చిన రెండుసార్లూ నేను నోరు తెరవలేదు. తెరిచినా మార్చగలిగింది ఏమీ లేదేమో. ఇప్పుడు ఉంది.

"ఆగమ్మా" అన్నాను. "నేను అబద్ధం చెప్పాను. అతను తీసింది ఎడం చేతికి."

ఆరోగ్యమ్మ చేతిలో సిరంజీతోనే నా వైపు తిరిగింది.

"కుడి చేతికి తీస్తానన్నాడు. నేనే ముట్టుకోనివ్వలా. తోరం ఉందని. సెలైన్ చేతికి తియ్యకూడదని చెప్పాడు కూడా. నేనే బలవంతం చేశా. అతన్నేమీ అనొద్దు."

ఆరోగ్యమ్మ సిరంజీ ట్రేలో పెట్టేసింది. గబగబా ఎడమ చేతి కట్టు విప్పింది. సూది ఉన్న చోటుకి నాలుగు వేళ్ళ పైన దూది ముక్క, దాని మీద ఎర్రటి చుక్క. ఆవిడ మంచం అంచున కూర్చుండిపోయింది.

"ఆ సీసాలో కారింది గ్లూకోజండీ అమ్మగారూ. అది ఎక్కే దారిలోనే నెత్తురు తీస్తే వచ్చేది ఈ పిల్ల షుగరు కాదు, సీసాలో షుగరు. నీళ్ళు కలిశాయి కాబట్టే హిమోగ్లోబిన్ కూడా తగ్గినట్టు కనపడింది." ట్రేలో ఉన్న సిరంజీ వంక చూసింది. "ఇది చేసుంటే ఒంట్లో ఉన్న కాస్త షుగరు కూడా పడిపోయేది. ఏ కంచికచర్ల దగ్గరో కారులో ఫిట్స్..." అని, నాగశ్రీని చూసి మిగతాది మింగేసింది.

కంచికచర్ల దాకా అక్కర్లేదు, కీసర చాలు అనుకున్నాను.

సౌభాగ్యమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో వదినగారూ! ఏ పుస్తకంలో చదివారండీ తోరం ఉంటే నెత్తురు తియ్యకూడదని?"

"ఎక్కడా చదవలేదండి. భయమేసింది."

ఆవిడ ఇంకేదో అనబోయింది. నాగశ్రీ, "అమ్మా, ఊరుకో. అత్తయ్య నా చెయ్యి పొద్దుట్నుంచీ వదల్లేదు" అంది.

ఇప్పుడు కుడి చేతి నుంచి తియ్యాలి. మోచేతి దగ్గర కమిలిపోయింది కాబట్టి అక్కడ కుదరదు. మణికట్టుకి కొంచెం పైన ఒక నరం కనపడుతోంది. సరిగ్గా దాని మీదే తోరం ఉంది, తడికి బిగుసుకుని. ఆరోగ్యమ్మ సిరంజీ పట్టుకుని ఆగింది. "నేను దీని జోలికి పోనండీ. కిందికి జరిపితే చాలు, తియ్యక్కర్లేదు. మీలో ఎవరన్నా..."

"అత్తయ్యా, మీరు జరపండి" అంది నాగశ్రీ.

నేను చెయ్యి చాపలేదు. తోరం చేసి పంపటం వేరు. వ్రతం చేసుకున్న కడుపుతో ఉన్న పిల్ల చేతి మీద దాన్ని నాలాంటిది ముట్టుకోవటం వేరు. సౌభాగ్యమ్మ వైపు చూశాను. తల్లి ఉండగా నేనెందుకు అన్నట్టు.

సౌభాగ్యమ్మ ఒక్క క్షణం చూసి, చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "పేనింది మీరేగా వదినగారూ. తొమ్మిది ముళ్ళూ వేసింది మీరేగా. జరపటానికి కొత్తగా ఏమొచ్చిందంట? కానివ్వండి, పిల్ల ఇడ్లీ కోసం చూస్తోంది."

రెండు వేళ్ళతో తోరాన్ని కిందికి, అరచేతి మొదలు దాకా జరిపాను. కింద చర్మం మీద పసుపు గీత పడి ఉంది. ఆరోగ్యమ్మ ఆ గీత పక్కనే సూది గుచ్చింది. నెత్తురు నిదానంగా, ముదురు రంగులో ఎక్కింది.

సొలొమోను అప్పుడే సైకిల్ గోడకి ఆనించి లోపలికొచ్చాడు. గేటు దగ్గర కారు చూసి భయపడినట్టున్నాడు. ట్రేలో ఇన్సులిన్ చూశాడు, కుడి చేతి నుంచి సూది బయటికి రావటం చూశాడు, నన్ను చూశాడు.

"అమ్మగారూ, చెప్పేశారా?"

"చెప్పేశానయ్యా."

అతను గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "దారంతా అదే నలుగుతోందండి నాకు. నేనే కాగితం మీద ఒక ముక్క రాసుండాల్సింది."

"రాయాల్సిందే" అంది ఆరోగ్యమ్మ. "నీతో తర్వాత మాట్లాడతా. ముందు ఇది పట్టుకుని పరిగెత్తు."

ఇరవై నిమిషాలు. భవానీప్రసాద్ గేటుకీ గదికీ మధ్య తిరుగుతున్నాడు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. సౌభాగ్యమ్మ, నేను ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఫ్లాస్కులో కాఫీ మూతలో పోసి నాకిచ్చింది. "చక్కెర వేశాను. మీకేం షుగరు లేదుగా?" అంది. నవ్వబోయి ఏడ్చింది. నేనూ అంతే.

సొలొమోను ఈసారి కాగితం నా చేతికివ్వలేదు. ఆరోగ్యమ్మకే ఇచ్చాడు. ఆవిడ చదివింది, నాగశ్రీని చూసింది, మళ్ళీ చదివి నాకు ఇచ్చింది. "మీరు చదవండి."

షుగరు 108. హిమోగ్లోబిన్ 11.1.

"ఎండిపోయిన ఒంట్లో నీళ్ళు పడ్డాయి కాబట్టి ఆ కాస్త తగ్గటం సరిగ్గా ఉంది" అంది. ఈసారి నందిగామ లైను కూడా కలిసింది. డాక్టరుగారు అవతల నుంచి చాలాసేపు మాట్లాడారు. ఆరోగ్యమ్మ అన్నిటికీ "అవును సార్" అంటూ వచ్చి, చివర్లో మాత్రం, "ఇడ్లీ పెట్టొచ్చా సార్?" అని అడిగింది.

కారు వెనక్కి తిరిగింది. సౌభాగ్యమ్మ గేటు దాకా వెళ్ళి, "ఎటూ పిలిపించిన కారేగా, నేనెక్కితే నందిగామలో దింపుతాడేమో. ఇంటి దగ్గర గేదెలున్నాయి" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "ఇవాళ్టికి ఎవరూ ఎక్కొద్దు వదినగారూ."

ఆవిడ నా మొహం చూసి గేటు వదిలి నా పక్కకి వచ్చింది. కారు బజారు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా ఇద్దరం నిలబడ్డాం. వెనక సీట్లో ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఆరోగ్యమ్మ నాగశ్రీ ఎడమ చేతి కట్టు మీద ఒక తెల్ల ప్లాస్టరు అంటించి, పెన్ను నా చేతికిచ్చింది. "రాయండి, ఈ చేతికి రక్తం తియ్యరాదు అని. తెలుగులో రాయండి, అందరికీ తెలుస్తది." రాశాను. అక్షరాలు ఒంకరగా వచ్చాయి. మర్నాడు సొలొమోను గుమ్మంలోనే నిలబడి, "ఇవాళ ఏ చెయ్యండీ అమ్మగారూ?" అని అడిగితే నాగశ్రీ నవ్వు ఆపుకోలేకపోయింది.

సోమవారం ఇంటికి పంపేశారు. భవానీప్రసాద్ రిక్షా కోసం వెళ్ళినప్పుడు, తెల్లవారుజామునే ఇంటికెళ్ళి పెట్టెలోంచి తెచ్చుకున్న కాగితం ఆరోగ్యమ్మ ముందు పెట్టాను. మడతల దగ్గర చిరిగిపోతుంటే వెనక సన్నటి కాగితం అంటించి దాచుకున్నాను.

"మావారిది. దీంట్లో అంకె కూడా అబద్ధమేమో చూడమ్మా."

శనివారం నుంచి నన్ను తింటున్నది అదే. అక్కడ కూడా ఎవరైనా ఏ చెయ్యో పట్టుకోనివ్వలేదేమో. ఆ రోజు నేను నోరు తెరిచి ఏదో ఒకటి చెప్పి ఉంటే కారు వెనక్కి పోయేదేమో.

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. చదివింది. చూడటానికి ఎదురుగా మనిషి లేడు కాబట్టి నన్ను అడిగింది.

"కాళ్ళు వాచాయా?"

"వాచాయి. మొహం కూడా."

"ఒంటేలు వచ్చేదా?"

"చివరి మూడు రోజులూ దాదాపు లేదు."

"వాంతులు? మాట తడబడటం?"

"నన్ను మా అత్తగారి పేరుతో పిలిచారు."

ఆవిడ కాగితం మీద యూరియా అంకె దగ్గర వేలు పెట్టి కాసేపు ఉంచింది. "ఇది నిజమే చెప్పిందండీ అమ్మగారూ. మీరు చెప్పినవన్నీ, ఇదీ ఒకటే మాట చెప్తున్నాయి. బెజవాడ పంపటం సరైన పనే. ఆ రోజుల్లో అంతకంటే ఎవరూ చెయ్యగలిగింది లేదు. మీరు చెప్పకుండా దాచిందీ ఏమీ లేదు."

పద్నాలుగేళ్ళ తర్వాత ఆ అంకెని ఎవరో ఆయనతో కలిపి చదివారు. నేను దాన్ని ఎప్పుడూ పక్కనున్న అంకెతోనే కలిపి చదువుకున్నాను.

కాగితం మడిచి తిరిగి ఇవ్వబోతూ, "ఇంకా దాచుకుంటారా?" అని అడిగింది.

"దాచుకుంటా" అన్నాను. "ఆయనది మిగిలింది ఇదొక్కటే. ఇది అబద్ధం చెప్పలేదని ఇవాళ తెలిసింది కూడా."

బయట రిక్షా గంట మోగింది. నాగశ్రీ కుడి చెయ్యి నా భుజం మీద వేసి లేచింది. తోరం మళ్ళీ మణికట్టు దగ్గరికి జారింది.